నీలంగానే ఉందప్పా

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో అచ్చియమ్మ అడగని ప్రశ్న లేదు. కూరల బండివాణ్ని వాడి పెళ్లాం పుట్టిల్లు ఏ ఊరో అడుగుతుంది. క్వార్టర్లోకి కొత్తగా దిగేవాళ్ల సామాను ఇంకా లారీ మీదుండగానే, ఆ పెద్ద పెట్టెలో ఏముందో అడుగుతుంది.

"మాసీ, మీరు టీసీలాగ పట్టుకుంటారు. టిక్కెట్టు చూపించందే వదలరు" అని పక్కింటి సౌభాగ్య ఏడిపిస్తే, "టిక్కెట్టున్నోళ్లకి బయమేటే?" అని నవ్వేస్తుంది.

అలాంటి మనిషి తన తమ్ముణ్ని మాత్రం ఒక్కటే అడిగేది. "రంగేటిరా?"

తమ్ముడు సింహాచలం విశాఖ హార్బర్లో చేపల బోటు నడిపేవాడు. తల్లి పోయాక అతణ్ని పెంచింది అచ్చియమ్మే. తల్లి గానీ, తల్లిలాంటి అప్ప గానీ వద్దన్నాక పడవెక్కకూడదని వాళ్లింట్లో ఒక పట్టింపు. గూడ్సు డ్రైవరు సన్యాసిరావుని పెళ్లాడి ఆమె బిలాస్‌పూర్ వచ్చేసినా ఆ పట్టింపు పోలేదు. వేటకి బయల్దేరే ముందు అతను ఫోన్లో "వెళ్లొస్తానప్పా" అనాలి, ఈవిడ "వెళ్లిరా నాయనా" అనాలి. టీవీలో అల్పపీడనం అన్న మాట చెవినపడితే చాలు, "వద్దురా" అనేసేది. బోటు ఒడ్డునే ఉండిపోయేది. బోటు యజమాని సణిగేవాడు.

2008లో ఆ యజమాని బోటులో చార్ట్‌ప్లాటర్ పెట్టించాడు. చిన్న టీవీలాంటిది. అందులో సముద్రం పటం, దానిమీద రాబోయే గాలీవానా రంగుల్లో కనబడతాయి. గాలి నెమ్మదిగా ఉంటే నీలం, ముదిరితే పసుపు, మరీ పెరిగితే ఎరుపు. మొగుడు బతుకంతా సిగ్నల్ చూసి బండి నడిపినవాడు కాబట్టి అచ్చియమ్మకి చిటికెలో బోధపడింది.

"అయితే మీ సముద్రానికీ సిగ్నలొచ్చిందన్నమాట. ఇయాళ రంగేటి?"

"నీలంగానే ఉందప్పా."

"సరిగ్గా సూడు."

"సూసే సెప్తన్నాను. నాకు లైన్ క్లియరని బావకి సెప్పు."

ఆ తరవాత ఆమె టీవీ మాట వదిలేసి ఆ రంగునే నమ్మింది. వద్దనవలసిన రోజే రాలేదు. ఎప్పుడడిగినా నీలమే.

మరుసటేడు వానాకాలంలో ఒక పొద్దున కూడా నీలమే అన్నాడు. ఆ సాయంత్రం పెద్దగాలిలో వల లాగుతూ సముద్రంలో పడిపోయాడు. బోటు తిరిగొచ్చింది. అతను రాలేదు. శవమూ దొరకలేదు.

కొన్నాళ్లకి, బోటులో అతని కింద పనిచేసే బంగార్రాజు సింహాచలం బట్టల సంచీ పట్టుకుని విశాఖ నుంచి లింక్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చాడు. అచ్చియమ్మ ఒక్కో చొక్కా మడత విప్పి చూసి, మళ్లీ మడిచి పెట్టింది. అతనికి అన్నం వడ్డించాక అడిగింది.

"ఆ డబ్బాని ఇంకా బోట్లోనే ఉంచేరా? నీలం అని సెప్పి నా తమ్ముణ్ని మింగేసింది."

బంగార్రాజు చెయ్యి కంచంలో ఆగిపోయింది. "అది సరిగ్గానే సూపించిందప్పా. ఆవేళ ఎర్రగుంది."

"మరి నాతో నీలమన్నాడే."

"నువ్వొద్దంటే ఎక్కకూడదు గదా. ఇలగే బోటాపితే ఇంకో డ్రైవర్ని ఎట్టుకుంటానన్నాడు ఓనరు. అప్పట్నించీ సింహాచలమన్న నీతో మాటాడినప్పుడు ఆ డబ్బాకేసి సూసీవోడే కాదు. ఏ రంగున్నా నీలమే అనీవోడు."

గుమ్మంలోంచి సన్యాసిరావు "ఇంక ఊరుకోవే" అన్నాడు. ఆమె అప్పటికే ఊరుకుంది. ఇన్నాళ్లూ విన్న నీలాల్లో ఏది నిజం నీలమో ఇక ఎవర్ని అడగాలి?

వెళ్లేటప్పుడు బంగార్రాజు, బోటు ఇప్పుడు తనకే అప్పగించారని, తనకి వెళ్లిరా అనేవాళ్లెవరూ లేరని తలొంచుకుని చెప్పాడు.

"నాకు ఫోన్ సెయ్యి" అంది అచ్చియమ్మ.

దీపావళి ముందు ఫోన్ మోగింది.

"వెళ్లొస్తానప్పా."

"రంగేటి?"

అవతల బోటు ఇంజను మోగుతోంది. "ఎర్రగుందప్పా" అన్నాడు బంగార్రాజు.

తమ్ముడి నోట ఒక్కసారీ వినని మాట.

"వద్దు నాయనా. దిగిపో."

ఇంజను చప్పుడు ఆగింది. ఆగాక కూడా ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు.

"బోటు తాడు గట్టిగా కట్టేవా, సింహాచలం?"

"కట్టేనప్పా" అన్నాడు బంగార్రాజు.