ఊరేగింపు చాటున అక్క గొంతు

పిస్కాటవేలో మా అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లోని మైదానంలో యూనివర్సిటీ పిల్లలు మళ్లీ బ్యాండు ప్రాక్టీసు మొదలుపెట్టారు. డ్రమ్ములు మోగగానే అమ్మ లేచి కిటికీ మూస్తుంది. ఎందుకని ఇంట్లో ఎవరమూ అడగం.

ఏడేళ్ల కిందట ఆ మోత మా ముందుగదిలోనే వినబడింది. అక్క బాగ్దాద్‌లో నర్సు. ఉత్తరం రాయడానికి బద్ధకించి క్యాసెట్‌లో మాట్లాడి పంపేది. "ఏమే పుస్తకాల పురుగూ, డైరీలో నన్ను తిట్టి రాశావా?" అని ఎప్పుడూ నాతోనే మొదలుపెట్టేది. ఆ వేసవి చివర్లో వచ్చిన క్యాసెట్‌లో నా ఊసే లేదు. అంతా బాగుందని నాలుగు ముక్కలు చెప్పి, వాళ్ల అధ్యక్షుడి కోసం తీసే ఊరేగింపు వినమంది. ఇక అక్కణ్నుంచి డ్రమ్ములు, మైకులు, వేల గొంతుల జేజేలు. ఆదివారం చర్చి అయ్యాక ఇంటికొచ్చినవాళ్లకి నాన్న దాన్ని సౌండు పెంచి మరీ వినిపించారు. "మా పెద్దదాని హాస్పిటల్ వాళ్లే ఫ్రంట్ రో అండీ" అన్నారు. "ఏం డిసిప్లిన్ అన్నయ్యగారూ! మనవాళ్లు భోజనం ప్లేట్ల దగ్గర కూడా లైన్లో నిలబడరు" అంది పాస్టరుగారి భార్య. అందరూ నవ్వారు.

క్యాసెట్ తిప్పే పని నాది కాబట్టి స్పీకర్ పక్కనే ఉన్నాను. జేజేల అడుగున అక్క గొంతు వినబడింది. "నాన్నా" అంది. "టెలిగ్రామ్" అంది. అంతమందిలో ఆపమనడానికి నాకు నోరు రాలేదు. వాళ్లు వెళ్లాక చెబుదామనుకున్నాను. ఈలోగా అట్లాంటా నుంచి వచ్చిన అంకుల్ ఒకాయన, తమ వాళ్లకూ వినిపిస్తానని క్యాసెట్ జేబులో వేసుకెళ్లారు. తర్వాత నాన్నకి చెబితే, "అంత గోలలో నీకేం వినబడిందే" అన్నారు. డైరీలో రాసుకుని ఊరుకున్నాను.

పదకొండు రోజులకు క్యాసెట్ తిరిగొచ్చింది. ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. "గదిలో మాట్లాడితే వింటారు నాన్నా, అందుకే ఇక్కడ చెప్తున్నా. వార్డులు ఖాళీ చేయిస్తున్నారు, యుద్ధమంటున్నారు. అమ్మకి సీరియస్ అని టెలిగ్రామ్ ఇవ్వండి. అది చూపిస్తేనే హాస్పిటల్ వాళ్లు నా పాస్‌పోర్ట్ తిరిగిస్తారు."

నాన్నకి అది వినిపించి, ఫోన్ నేనే చేశాను. టెలిగ్రామ్ ఆపరేటర్‌కి ఒక్కో అక్షరం తడబడకుండా చెప్పాను. మూడో రోజు టీవీలో బాగ్దాద్ విమానాశ్రయం మీద బాంబులు చూశాం. చలికాలంలో అక్క దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది, సరిహద్దు దగ్గరి ఆసుపత్రికి మార్చారని. ఆ తర్వాత ఏమీ రాలేదు.

ఆ ఆదివారం ఆపండి అనడానికి ఒక్క నిమిషం పట్టేది. ఏడేళ్లు గడిచినా నాకు ఆ నిమిషం గడవలేదు.