మూడుసార్లు డౌన్‌లోడ్ చేసిన లైబ్రరీ

ఈ ఆదివారాన్ని ఒక్క ఫైలు తినేసింది. నాన్న పడవ కోసమని, ఆటుపోట్ల వేళలు చూపించే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఒకటి నా లాప్‌టాప్‌లో బిల్డ్ చేశాను. బిల్డ్ బాగానే అయింది. తెరవబోతే, దానికి కావలసిన లైబ్రరీ అనే ఫైలు కనబడలేదంది. ఈ దీవిలో, హాడోలోని మా క్వార్టర్స్‌లో నెట్ ఎంత నెమ్మదో తెలిసిందే. అయినా ఆ లైబ్రరీని మూడుసార్లు డౌన్‌లోడ్ చేసి, మూడుసార్లూ ఎక్కించాను. మళ్ళీ అదే మాట.

పక్కన వల బాగుచేసుకుంటున్న నాన్న అడిగాడు, "ఆ సామాను అందులో ఉందా నేదా, బేటీ?"

"ఉంది నాన్నా. వేరే ఫోల్డర్‌లో ఉంది."

"మన పడవ కొత్త జెట్టీకి మార్చినప్పుడు బేరగాళ్ళు పాత జెట్టీకే ఎల్లి, సేపలు నేవని తిరిగెల్లిపోనారు. మనం సెప్పకపోతే ఆలకి ఎలా తెలుస్తాది? దానికి సెప్పినావా?"

చెప్పలేదు. లైబ్రరీలు వెతికే చోట్ల జాబితాలో ఆ ఫోల్డర్ పేరు చేర్చి, ఆ జాబితాను మళ్ళీ చదువుకోమని చెప్పే ఎల్‌డీకాన్ఫిగ్ అనే ఒక్క కమాండ్ కొట్టాను. ప్రోగ్రామ్ తెరుచుకుంది.

"రేపు పొద్దున్న పోటు ఎప్పుడో చూపిస్తోంది నాన్నా" అన్నాను.

"ఏడున్నరకి" అన్నాడు, వల మీంచి తలెత్తకుండానే.

తెర మీద ఏడూ ఇరవై ఎనిమిది అని ఉంది.

రోజంతా తంటాలు పడి, ఇంట్లో ముందునుంచీ ఉన్నదాన్నే కనిపెట్టినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా, నేనొక్కదాన్నేనా?