యాదమ్మకు నేను అందించిన జవాబు

పుప్పాలగూడలో మా ఆఫీసు కింద టీ బండి ఉంది. అక్కడ డబ్బులు పడ్డాయని చెప్పే పెట్టె మోగినప్పుడల్లా నాకు శారద మేడమ్ గుర్తొస్తారు. ఆమె పోయి ఏడాది దాటింది. ఫోన్లో డబ్బు వాడకం జనానికి ఎంతవరకు అర్థమవుతోందో పరిశోధించే మా చిన్న బృందానికి ఆమె పెద్ద. ఈ రంగంలో అప్పటి ధోరణి ఒకటే: ప్రశ్నలు అడగడం, మార్కులు వేయడం, పట్టిక గీయడం. మేడమ్ కూడా ప్రశ్నలే అడిగించేవారు. కానీ ఎవరైనా తప్పు చెబితే వాళ్ల పక్కన కూర్చుని, ఫోను చేతికిచ్చి, వచ్చేదాకా నేర్పేవారు. "తప్పు చెప్పినవాళ్లే మనకు ముఖ్యమండి," అనేవారు. కాకినాడ మనిషి, నన్ను కూడా అండీ అనే పిలిచేవారు.

కొత్త ప్రశ్నలు ఏవైనా ముందు మా ఆఫీసులో టీ ఇచ్చే యాదమ్మను అడగడం ఆనవాయితీ. బోరబండ నుంచి వచ్చేది. ఆ రోజు సాయంత్రానికి నివేదిక పంపాలి. యాదమ్మ తప్పు చెబితే మేడమ్ మర్నాడంతా ఆమెతోనే కూర్చుంటారు, నివేదిక ఆగిపోతుంది. నాకేమో తొందర. మనకు డబ్బు రావాలంటే పిన్ నొక్కాలా అని అడిగితే యాదమ్మ నా మొహం చూసింది.

"ఏమనాలె సారూ?"

"అక్కర్లేదను అక్కా. అయిపోతది."

అలాగే అన్నది. నిండా మార్కులు వేశాను. మేడమ్ మురిసిపోయారు, ఆమె పక్కన కూర్చోలేదు.

రెండు నెలలకు ఎవడో యాదమ్మకు ఫోన్ చేసి, గ్యాస్ డబ్బులు వాపసు వస్తున్నాయని చెప్పి పిన్ కొట్టమన్నాడు. కొట్టింది. భర్త కంటి ఆపరేషన్‌కు దాచిందంతా పోయింది. మేడమ్ పాత కాగితం తీసి చూసి తెల్లబోయారు.

"ఇది మీరు సరిగ్గానే చెప్పారు కదండీ యాదమ్మగారూ?"

యాదమ్మ నా వైపు ఒకసారి చూసింది.

"జర యాది మరిచిన మేడమ్. మీరు పరేషాన్ కాకుర్రి."

ఆపరేషన్ ఆలస్యమై ఆమె భర్తకు ఆ కన్ను పోయింది. ఆమె పని మానేసింది. మేడమ్ మాత్రం తప్పంతా తన ప్రశ్నలదే అనుకున్నారు. జవాబు తెలిసినా మనిషి మోసపోతాడని, మార్కులతో కొలవడం దండగని ఒక వ్యాసం రాశారు. నిజం చెప్పాలని ఎన్నోసార్లు ఆమె గది దాకా వెళ్లాను. ప్రతిసారీ సిగ్గుతో వెనక్కి వచ్చాను. పిరికివాణ్ణి.

ఇప్పుడు ఆ గదిలో నేనే కూర్చుంటున్నాను. ప్రశ్నల కాగితాలు పక్కనపెట్టి, మేమూ మాలాంటి వాళ్లూ జనం చేతికి ఫోను ఇచ్చి చూస్తున్నాం. కొత్తగా చేరినవాళ్లకు మేడమ్ వ్యాసం నేనే చదివి వినిపిస్తాను. మొన్న ఒక అమ్మాయి చేయెత్తింది.

"జవాబు తెలిసి కూడా ఆమె పిన్ ఎందుకు కొట్టింది సార్?"

"మరిచిపోయిందట," అన్నాను.