హాలెండు పిల్లి

తుమీరాకు నచ్చే మనిషి జావా దీవిలోని సెమరాంగ్ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి బతికే మనిషి. గుమ్మం పక్కన మిషను వేసుకుని, సందులో పోయే ప్రతివాణ్ణీ కళ్ళద్దాల మీంచి ఒక్క చూపు చూస్తుంది. ఆ చూపు పడ్డవాడు చొక్కా బొత్తాలు తడుముకుంటాడు. మొగుడు బతికున్నన్నాళ్ళూ అతని నడక నచ్చలేదు. పోయాక, పోయిన తీరు నచ్చలేదు. సముద్రం పోటెత్తి సందులోకి నీళ్ళొచ్చిన రోజున అందరూ సామాన్లు మంచాలకెక్కిస్తుంటే, ఆమె మడమల లోతు నీళ్ళలో కూర్చుని కుడుతూ, "ఈ నీళ్ళకీ వేళాపాళా లేదు, ఈ మనుషుల్లాగే" అనేది.

అలాంటి ఇంటికి చెల్లెలు వహ్యూని తిరిగొచ్చింది. వయసులో ఉండగా వౌటర్ అనే హాలెండువాణ్ణి చేసుకుని అతని దేశం పోయింది. తుమీరా ఆ పెళ్ళికి వెళ్ళలేదు. మరిది ఎప్పుడైనా ఫోన్లో వచ్చీరాని జావా భాషలో పలకరిస్తే, జవాబివ్వకుండా ఫోను బల్ల మీద పెట్టేసేది. ఇప్పుడతను పోయాడు. వహ్యూని ఒక సూట్‌కేసుతో, బోనులో అతని పిల్లితో దిగింది.

బూడిదరంగు పిల్లి, ఒళ్ళంతా జూలు. తుమీరా వంగి చూసింది.

"ఇది పిల్లా, తలగడా?"

"దాని పేరు యోరిస్ అక్కా. కొత్త చోటు కదా, కొన్నాళ్ళు ఒక్క గదిలోనే ఉంచాలి. నువ్వు కాస్త మిషను చప్పుడు తగ్గించాలి."

"మిషనుకి నువ్వే చెప్పు. నా మాటెప్పుడూ వినలేదు."

పిల్లి బోనులోంచి ఒక్క గెంతు గెంతి బీరువా వెనక దూరింది. వహ్యూని నేల మీద బోర్లా పడుకుని హాలెండు భాషలో గంటలకొద్దీ బతిమాలింది.

"దీనికి మన భాష రాదా?" అంది తుమీరా.

"ఎలా వస్తుందక్కా? పుట్టి పెరిగింది అక్కడ."

"ఇక్కడ పుట్టి పెరిగిన నువ్వే మర్చిపోయావు. దాన్నని ఏం లాభం?"

ఆ పిల్లికో పాత ఉన్ని దుప్పటి ఉంది. దాని కంపు గది గడపలోకే గుప్పుమని కొట్టేది. అందులో పాత ఇంటి వాసన ఉందని, దాన్ని ఉతక్కూడదని వహ్యూని హెచ్చరించింది. పిల్లి ఆ దుప్పటి మీదకొచ్చి నాలుగు మెతుకులు తిని, మళ్ళీ బీరువా వెనక్కి పోయేది. తుమీరా దాన్ని పేరుపెట్టి పిలవలేదు. 'లొందో' అనేది, అంటే తెల్లోడు. పెళ్ళినాటి నుంచి మరిదినీ ఆమె అన్నది ఆ మాటే.

వహ్యూని వీసా పని మీద జకార్తా వెళ్ళాల్సి వచ్చింది. అన్నీ ఒకటికి రెండుసార్లు చెప్పి బస్సుకు బయల్దేరింది. ఆమె సందు మలుపు తిరిగిందో లేదో, తుమీరా దుప్పటిని రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి సబ్బుపొడిలో నానబెట్టింది. బాది బాది ఉతికి తీగ మీద ఆరేసి, "హాలెండు దరిద్రం వదిలింది" అనుకుని తృప్తిగా మిషను ముందు కూర్చుంది.

పిల్లి ఆ పూట తినలేదు. మర్నాడూ తినలేదు. నీళ్ళు ముట్టలేదు. బీరువా వెనక టార్చి వేస్తే, కళ్ళు పుసులు కట్టి, జూలు ఉండలు చుట్టుకుని, చచ్చినట్టే పడుంది.

పక్కింటి లస్మి తొంగిచూసింది. "పరదేశం సరుకు. నీ చేతుల్లోనే పోయేలా ఉంది తుమీరక్కా."

"నీ చేతి వంట తిని నీ మొగుడింకా బతికే ఉన్నాడుగా. ఇదీ బతుకుతుందిలే."

లస్మి పోయాక తుమీరా మళ్ళీ టార్చి వేసి చూసింది. ఒక పిల్లి చస్తుందేమోనని భయపడుతున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఆ రోతలోనే చెల్లెలి సూట్‌కేసు తెరిచింది. అడుగున, గాలి చొరకుండా మూతి బిగించిన ప్లాస్టిక్ సంచిలో ముదురు నీలం స్వెట్టరొకటి కనిపించింది. విప్పితే పొగాకు వాసన, ఎవరో మగమనిషి వాసన. బీరువా దగ్గర పెట్టింది. పిల్లి పాక్కుంటూ వచ్చి అందులో ముక్కు దూర్చింది. కానీ తను చేప పట్టుకుని దగ్గరికెళితే పారిపోయింది.

ఇంక చేసేది లేక ఆ స్వెట్టరు తనే తొడుక్కుంది. మిట్టమధ్యాహ్నం, సెమరాంగ్ ఎండలో, మరిది స్వెట్టరులో చెమటలు కక్కుతూ నేల మీద చతికిలపడి, అరచేతిలో చేప ముక్కలు పట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి పిల్లి ఒళ్ళోకి ఎక్కి, ఆ చేతిలోంచే తిన్నది.

"మీ అయ్య తినిపించినట్టుందా, లొందో?" అంది పళ్ళు బిగించి.

అప్పట్నుంచి కుట్టుపనీ స్వెట్టరులోనే. లస్మి మళ్ళీ వచ్చింది.

"జ్వరమా అక్కా?"

"చలి."

"ఈ ఊళ్ళోనా?"

"నీ మొహం చూస్తే ఒళ్ళు చల్లబడింది."

వహ్యూని తిరిగొచ్చేసరికి పిల్లి మిషను కింద, తుమీరా పాదాల మీద నిద్రపోతోంది. వహ్యూని మొహం వెలిగింది. వెంటనే స్వెట్టరు చూసింది. అక్క ఒంటి మీదనుంచి దాన్ని తీయించి మొహానికి అదుముకుంది. చేప, చెమట, మిషను నూనె.

"ఇది సంచిలో ఎందుకు కట్టుకున్నానో తెలుసా అక్కా? ఆయన వాసన ఇందులోనే మిగిలింది."

"పిల్లి చస్తోంది. ఏం చెయ్యమంటావు?"

"ఎందుకు చస్తోంది?"

తళతళలాడే దుప్పటి మంచం మీద మడిచి ఉంది. వహ్యూని దాన్ని చూసింది.  తుమీరా మిషను మీదకి వంగి, కాలరు తల్లకిందులుగా కుట్టేసింది.

"నిన్ను చూసి అందరూ భయపడతారనుకుంటావు. ఆయనకి నవ్వొచ్చేది. 'మీ అక్క ఫోను పెట్టెయ్యదు, పక్కన పెట్టుకుని వింటుంది, ఊపిరి వినిపిస్తోంది' అనేవాడు."

వహ్యూని ఆ ఇంట్లో ఉండలేకపోయింది. ఉంగారాన్ కొండ మీద చల్లటి చోట ఇల్లు అద్దెకు తీసుకుంది. పిల్లినీ తీసుకెళ్ళింది. అక్కడది మళ్ళీ బీరువా వెనక దూరి, తిండి మానేసింది. వారం తిరక్కుండానే తెచ్చి అక్క గుమ్మంలో వదిలింది. పిల్లి నేరుగా మిషను కిందకి నడిచింది.

ఇప్పుడు లొందో సందంతా తిరుగుతుంది. వీధి పిల్లుల్ని చూసి మూతి తిప్పుకుంటుంది. వహ్యూని ఆదివారాలు వచ్చి జూలు దువ్వుతుంది. అక్కతో ముక్తసరిగా మాట్లాడుతుంది. స్వెట్టరు సంగతి ఇద్దరూ ఎత్తరు. ఆమె బస్సు ఆలస్యమైతే తుమీరా మిషను ఆపి, సందు చివరిదాకా వెళ్ళి నిలబడి, ఆ బస్సునీ, దాని డ్రైవరునీ, అంత ఎత్తున కాపురం పెట్టిన చెల్లెల్నీ కలిపి తిడుతూ ఉంటుంది.