ఐదో నంబరు ఫిల్టరు కింద

దయ్యాల మాట ఎత్తితే నవ్వేదాన్ని. మద్రాసులో సినిమా స్టూడియోలుండే కోడంబాక్కంలో పుట్టి పెరిగినదాన్ని, నాకు దయ్యమంటే షూటింగ్ మధ్యలో మేకప్‌తోనే మా వీధి టీకొట్టుకు వచ్చి వడ తినే మనిషి. అందుకే ఇది చెప్పాలంటే నాకే మొహమాటంగా ఉంది.

మా నాన్న సినిమాలకు స్టిల్ ఫోటోగ్రాఫర్. పోయి నాలుగేళ్ళయింది. ఇంటి వెనక ఉన్న ఆయన డార్క్‌రూమ్‌లో సెలవు రోజుల్లో నేనిప్పటికీ బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు వేసుకుంటాను.

మా అత్తకు, అంటే నాన్న చెల్లెలికి, ఒక్కతే కూతురు. ఆరేళ్ళకే జ్వరంతో పోయింది. ఆ పిల్లది మిగిలింది ఒకే ఒక్క నెగటివు, నాన్న తీసిందే. వెలుతురు చాలక పల్చగా వచ్చింది. ప్రింటు వేసిస్తానని అత్తకు మాటిచ్చాడు కానీ ఎన్నిసార్లు వేసినా ముఖం తేలలేదు. ఆ బాధతోనే పోయాడు. ఇప్పుడు అత్తకు చూపు తగ్గిపోతోంది. పూర్తిగా పోకముందే బిడ్డ ముఖం చూపించమని నన్నడిగింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు గడియ వేసుకుని మొదలుపెట్టాను. నాన్న దాచిన ప్రింటు కాగితాలు మూడే షీట్లు మిగిలాయి. నలుపు తెలుపుల తేడాను మార్చడానికి ఫిల్టర్లుంటాయి, నంబరు పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. రెండో నంబరు ఫిల్టరుతో వేస్తే కాంట్రాస్టు చాలక ముఖం బూడిద పూసినట్టు వచ్చింది. ఐదో నంబరుతో వేస్తే జడ రిబ్బను తెల్లగా మెరిసింది కానీ కళ్ళు నల్లటి గుంటలయ్యాయి. ఏడుపొచ్చింది.

చివరి షీటుకు రెండు ఫిల్టర్లూ ఒకదాని తర్వాత ఒకటి వాడాను. వెలుగు పడినచోట కాగితం నల్లబడుతుంది, అడ్డం పెట్టినచోట తెల్లగా ఉండిపోతుంది. అందుకని ఐదో నంబరు వెలుగు పడేటప్పుడు ముఖం నల్లబడకుండా ఏదో ఒకటి అడ్డం పెట్టాలి. నాన్నయితే అరచెయ్యే పెట్టేవాడు, పేపరు కట్టర్‌లో సగం తెగిపోయిన చూపుడు వేలుతో సహా. నాకంత నేర్పు లేదు. తీగకు అంటించిన గుండ్రటి అట్టముక్కను ఆడిస్తూ పన్నెండు దాకా లెక్కపెట్టాను. ఏడు దగ్గర వెలుగు ఒక్కసారి మసకబారి మళ్ళీ వచ్చింది. కరెంటు అనుకున్నాను.

ట్రేలోని డెవలపర్ ద్రవంలో ముందు రిబ్బను తేలింది. తర్వాత కళ్ళు, నవ్వబోతున్న పెదవులు. నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా. సంతోషంతో ట్రే మీదికి వంగాను.

తర్వాత చూశాను. చెంప పక్కనుంచి తెల్లగా ఒక చెయ్యి ఆకారం. చూపుడు వేలు సగమే ఉంది.

ప్రింటును ఎలాగోలా బొమ్మను నిలిపే ఫిక్సర్‌లో వేసి, మూతపెట్టి బయటికి వచ్చేశాను. లోపలికి మళ్ళీ వెళ్ళడానికి చాలాసేపు పట్టింది.

అత్తకు ఏమీ చెప్పకుండా ఆరిన ప్రింటు చేతికిచ్చాను. కిటికీ దగ్గర కళ్ళకు ఆనించుకుని చూస్తూ ఏడ్చింది. కాసేపటికి ఆ తెల్లటి ఆకారం మీద వేలు పెట్టింది.

"అన్న చెయ్యే గదమ్మా ఇది. ఏసిస్తానన్నాడు, ఏసినాడు."

తర్వాత కొత్త కాగితం తెప్పించి, అదే నెగటివుతో, అవే ఫిల్టర్లతో, అన్నే సెకన్లు వెలుగు వేసి చూశాను. ముఖం మళ్ళీ బూడిదే. చెయ్యి రానేలేదు.

నీ చెయ్యే పొరపాటున అడ్డం పడి ఉంటుందని స్నేహితులు అంటారు. పడే ఉండొచ్చు. కానీ నా చూపుడు వేలు నిండుగానే ఉంది. ఇంతకు మించి నాకేమీ తెలియదు.