సగం బాగు చేసే సూది

"అక్కా, నువ్వు పిచ్చిదానివి గదా. సంతకం పెట్టుడొస్తదా నీకు?"

భూములు అమ్మించే జగదీశ్ ఈ మాట అడిగినప్పుడు అరుణజ్యోతి కొట్టం వెనక గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. "ఎవరి సంతకం కావాలె? నాదా, లోపల మాట్లాడెటోళ్లదా?" అంది. జగదీశ్‌కు నవ్వు రాలేదు. సురంగల్‌లో తండ్రి అనంతయ్య వదిలిపోయిన మూడెకరాలు అన్న భూపాల్ పేరునా, ఆమె పేరునా ఉన్నాయి. ఎకరం రెండు కోట్లు పలుకుతోంది. మతిలేనిదాని సంతకం చెల్లదని కొనేవాడి వకీలు తేల్చేశాడు. కోర్టుకు పోతే ఏళ్లు పడుతుంది. అట్లా, జబ్బు మొదలైన పద్నాలుగేళ్ల తర్వాత, దాని మీద ఆ ఇంట్లో శ్రద్ధ పుట్టింది.

అంతకు ముందు వైద్యం జరగలేదని కాదు. చేవెళ్లలో డిగ్రీ చదువుతుండగా బోరు మోటారు చప్పుడులో ఎవరో తనను తిడుతున్నట్టు ఆమెకు వినపడసాగింది. మొదట ఎండుమిరపకాయల పొగ పెట్టారు. దయ్యం పోలేదు, దగ్గు వచ్చింది. తర్వాత మొయినాబాద్ వైపు ఒక ఫామ్‌హౌస్‌లో నడిచే కేంద్రంలో చేర్చారు. అక్కడ పొద్దున్నే చన్నీళ్లు పోసి, ధ్యానంలో కూర్చోబెట్టి, అంతా మనసులోనే ఉందమ్మా అని చెప్పేవారు. ఆ సంగతి ఆమెకు వాళ్లకన్నా బాగా తెలుసు. తిరిగొచ్చాక చుట్టం వరసైన రిటైర్డ్ టీచరొకాయన, ఖాళీగా ఉంచకుండా పని చెప్పమన్నాడు. భూపాల్‌కు ఈ వైద్యం నచ్చింది. గులాబీ తోటలో ఏళ్ల తరబడి కలుపు తీయించాడు. కూలీ ఖర్చు మిగిలింది. ప్రేమతో ఏ జబ్బయినా నయమవుతుందని చెప్పే పెద్దమనుషులకు ఆ ఇంట్లో పనేమీ ఉండేది కాదు. ఆ మందు అక్కడెవరూ వాడి చూడలేదు.

బేరం కుదిరిన వారంలోనే భూపాల్ చెల్లెల్ని కారులో సిటీ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ రోజుకో గోళీ, నెలకో సూది రాసింది. మొదటి నెలంతా అరుణజ్యోతి పడుకునే ఉంది. నోరెండిపోయేది, చేతులు వణికేవి, ఒళ్లు పెరిగింది. మూడో నెలలో ఒక మధ్యాహ్నం నడుస్తున్న మోటారు పక్కన నిలబడితే మోటారు చప్పుడు మాత్రమే వినిపించింది. నమ్మకం కుదరక చాలాసేపు అక్కడే నిలబడింది.

ఆ తర్వాత తల దువ్వుకోవడం మొదలుపెట్టింది. వదిన నవతతో చేవెళ్ల మార్కెట్‌కు పోయి టమాటలు బేరమాడి తెచ్చింది. ఒకరోజు అన్నం తింటున్న అన్నను అడిగింది.

"అన్నా, ఎకరం ఎంతకు పోతున్నది?"

"గా ఫికర్ నీకెందుకు చెల్లె?"

"నాది ఎకరంనర గదా. మూడు కోట్లు రావాలె నాకు."

భూపాల్ ముద్ద కంచంలో పెట్టి మనసులో లెక్కేసుకున్నాడు. లెక్కలో తప్పు లేదు.

మళ్లీ సూదికి పోయినప్పుడు అతను ఆమె ముందే డాక్టరమ్మతో మాట్లాడాడు. ఆమె వింటుందేమోనని గొంతు తగ్గించే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

"మేడం, మందు మస్తు పనిచేస్తున్నది. జర తగ్గియ్యుండ్రి."

"ఎందుకండీ? బాగానే ఉందిగా."

"గంత బాగు అక్కర్లేదు మేడం. పేరడిగితే చెప్పి సంతకం పెడ్తే సాలు."

"సగం బాగు చేసే సూది లేదండి" అంది డాక్టరమ్మ. "ఆపారంటే మళ్లీ మొదటికొస్తుంది. ఏళ్ల తరబడి వాడాలి."

బేరాలాడి బేరాలాడి చివరికి చెల్లెలి వాటా యాభై లక్షలన్నాడు భూపాల్. అదీ రిజిస్ట్రేషన్ అయ్యాక. అరుణజ్యోతి సరేనంది, కానీ కాగితం రాసిమ్మంది.

నవత ఆమె పక్కన వచ్చి కూర్చుంది. "సొంత అన్న మీద గింత అనుమానమా అరుణా? అనుమానపడుడే నీ జబ్బని డాక్టరమ్మ చెప్పలేదా? మళ్ల మొదలైనట్టున్నది. సూది పెంచమని చెప్పాలె."

"అనుమానం కాదు వదినె. లెక్క."

"మంచిగున్నోళ్లు అన్న దగ్గర కాయితం రాయించుకుంటరా? ఊళ్లె ఎవర్నైనా అడుగు."

అరుణజ్యోతి ఎవర్నీ అడగలేదు. బాగయ్యానని చూపించుకోవడానికి ఆమెకు మిగిలిన దారి అన్నను నమ్మడమే. కాగితం మాట వదిలేసింది.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇష్టపూర్వకంగానే అమ్ముతున్నారా అని అడిగితే, ఔను సార్ అని తడబడకుండా చెప్పి సంతకం పెట్టి, వేలిముద్ర వేసింది. జగదీశ్ ఆమెకు కూల్‌డ్రింక్ తెప్పించాడు.

ఆ నెల సూది రోజున భూపాల్ కారు తీయలేదు. చెల్లెలి తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు బాగైనవ్ చెల్లె. ఇంక సూదెందుకు, గోళీలెందుకు?" అన్నాడు.

డాక్టరమ్మ చెప్పింది ఆమెకు గుర్తుంది. బస్సెక్కి తానే పోగలదు కూడా. కానీ నువ్వు బాగయ్యావన్న మాట అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరి నోటా ఆమె వినలేదు. పైగా చేతులు ఇంకా వణుకుతున్నాయి, జాకెట్లు పట్టడం లేదు. మందు పనిచేసిందా అంటే పనిచేసింది. అందులో అనుమానం లేదు. బాగయ్యానని అన్న చెప్తే నమ్మకుండా ఉండేందుకు మాత్రం ఏ దవాఖానలోనూ సూది లేదు. ఆమె బస్సెక్కలేదు.

నాలుగు నెలలు గడిచేసరికి మాటలు తిరిగొచ్చాయి. ఈసారి ఫ్యాన్‌లోంచి, పక్కింటి మిక్సీలోంచి.

భూపాల్ ఇప్పుడు మొయినాబాద్‌లో రెండంతస్తుల ఇల్లు కట్టాడు. డాబా మీద నీళ్ల ట్యాంకు పక్క గది ఆమెది. పొద్దంతా పిట్టగోడ దగ్గర నిలబడి రోడ్డున పోయేవాళ్లకు చెప్తుంది. "ఫ్యాన్ల ఉన్నోళ్లు నన్ను సంపుతమంటున్నరు. మా అన్న నాకు యాభై లక్షలు ఇయ్యాలె."

"గందుల నాకో లచ్చ ఇప్పియ్యక్కా, కొత్త పొయ్యి కొనుక్కుంట" అంటాడు ఎదురుగా చాయ్ అమ్మే అతను. తాగేవాళ్లు నవ్వుతారు.

ఇంటికొచ్చిన చుట్టాలు పైకి చూస్తే నవత చాయ్ కప్పులు అందిస్తూ చెప్తుంది. "గా జబ్బే గంత. ఒకసారి ఫ్యాన్లంటది, ఒకసారి పైసలంటది. ఏం జేస్తం, మా కర్మ."

ఫ్యాన్‌లో ఎవరూ లేరు. యాభై లక్షల్లో మాత్రం భూపాల్ ఇంతవరకు చెల్లెలికి ఒక్క రూపాయి ఇవ్వలేదు.