ట్రయల్‌కి ఎక్కని చెల్లెలు

ఆ సాయంత్రం రాజకుమారి లారీ కింద నుంచి లేచి, గ్రీజు చేతులు తుడుచుకుంటూ, "బ్రేకులయ్యాయి. ట్రయల్‌కి ఈసారి నేనెల్తాను, అన్నా" అంది. తెల్లారేసరికి ఆమె గుండె ఆగిపోయింది.

సాలూరు షెడ్లలో బ్రేకులు చేసిన మెకానిక్కే డ్రైవరు పక్కన కూర్చుని ఘాటు రోడ్డులో ట్రయల్ చూపించాలి. ఐటీఐలో తన బ్యాచికి ఒక్కతే ఆడపిల్లగా డీజిల్ మెకానిక్ నేర్చుకుంది రాజకుమారి. కానీ "డ్రైవర్లు ఏటనుకుంటారే?" అంటూ అన్న చంద్రమౌళి ఎప్పుడూ తానే ఎక్కేవాడు. ఆ సాయంత్రమూ ఆయనే ఎక్కాడు. మంచి మెకానిక్కని పేరూ ఆయనకే వచ్చింది.

పెద్దకర్మ నాడు డ్రైవరు చినబాబు వచ్చి చంద్రమౌళి పక్కన కూర్చున్నాడు.

"బ్రేకులు సేసేది మీ సెల్లేనని మాకెప్పుడో తెలుసు బావా. ఆయమ్మని పంపడేటి అనుకునీవోళ్లం. నీకు కోపం వస్తాదని అడగలేదు."